రెండు గజాల నేల

కొండవాలు వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిపడేది కాదు. ఎదురుగా ఉన్నంతసేపూ "మేడమ్, మేడమ్" అనేవారు. జీపు మలుపు తిరగ్గానే, "రెండు గజాలమ్మ వచ్చిపోయింది, ఇక ఊపిరి పీల్చుకోండి" అని నవ్వుకునేవారు.

ఆమెది అగ్నిమాపక శాఖలో తనిఖీ ఉద్యోగం. అడవిని ఆనుకుని కట్టిన ఇళ్ళ చుట్టూ ఏం పెరుగుతోంది, ఏం పోగుపడుతోంది, ఏ కొమ్మ ఏ కప్పుకు తగులుతోంది, అన్నీ చూడాలి. గోడ చుట్టూ రెండు గజాల మేర అంటుకునే వస్తువేదీ ఉండకూడదన్నది నిబంధన. మొక్కలొద్దు, కట్టెల మోపులొద్దు, గుమ్మం ముందు పీచు పట్టా కూడా వద్దు. ఆ పైన ఇంకొంత దూరం దాకా ఎండుగడ్డి కోసెయ్యాలి, చెట్టుకీ చెట్టుకీ ఎడం ఉండాలి. కార్చిచ్చు వస్తే ఇంటిని చేరేలోపు దానికి తినడానికేమీ దొరకకూడదు, అంతే. వినడానికి సులువే. కానీ ఎవరి పెరడు వాళ్ళకి ముద్దు. ఆమె గేటు తీసి లోపలికి అడుగుపెడితే చాలు, మొహాలు ముడుచుకునేవి.

గట్టి మనిషని అందరి నమ్మకం. ఆమెకెంత పిరికితనమో ఒక్క అన్నయ్యకే తెలుసు. చిన్నప్పుడు అగ్గిపుల్ల గీయమంటే చెల్లెలు వీధిలోకి పరిగెత్తేదని ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్వుతాడు. అలాంటి పిల్ల ఏరికోరి నిప్పుతో ముడిపడ్డ ఉద్యోగంలో ఎందుకు చేరిందని అడిగితే, "పాముకి భయపడేవాడే కదా గడ్డిలో చూసి అడుగేసేది" అనేది. ఆ మాట అనగలిగే ధైర్యం కిందటి వేసవి దాకా ఉండేది.

కిందటి వేసవిలో కొండకి అవతలివైపు ఓ కాలనీ తగలబడింది. చల్లారాక చూసి రమ్మని శాఖవాళ్ళు ఆమెను పంపారు. మంటలు అడవిలోంచి వరదలా వచ్చి ఇళ్ళ మీద పడ్డాయని ఊరంతా చెప్పుకున్నారు. ఆమె చూసింది వేరు. గాలికి ఎగిరొచ్చిన రవ్వలు చూరు కింది రేకు కాలువల్లో, పేరుకున్న ఎండుటాకుల్లో పడ్డాయి. గోడకు చేరేసిన చీపుళ్ళలో, మెట్ల కింద దాచిన అట్టపెట్టెల్లో పడ్డాయి. ఇళ్ళు ఒక్కొక్కటే, తమంతట తామే కాలిపోయాయి. కొన్నిచోట్ల చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి, వాటి మధ్య ఇళ్ళు లేవు. ఓ ఇంటి స్నానాలగదిలో ఇద్దరు మనుషులు, ఒకే తడి దుప్పటి కింద. దుప్పటి ఇంకా తడిగానే ఉంది. పొగ చంపింది వాళ్ళని.

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి గాలి లేస్తే అరచేతులు చెమర్చేవి, నోరు తడారిపోయేది. రెండు గజాల దగ్గర అంగుళం తగ్గినా ఒప్పుకోకపోవడం మొదలుపెట్టింది కూడా అప్పటినుంచే.

అన్నయ్య ఇల్లు ఆ వీధిలోనే, చిట్టచివర. అన్నయ్య లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. ఇంట్లో వదిన, వదిన వాళ్ళమ్మ ఉంటారు. పెద్దావిడకు తుంటి ఎముక విరిగినప్పటినుంచి మంచమే లోకం, చెవులు కూడా అంతంతమాత్రం. వదిన కుట్టుపనిలో దిట్ట. ముందుగదిలో మిషను, చుట్టూ గుడ్డముక్కలు, గోడకి వేలాడుతూ సగం కుట్టిన బట్టలు. ఆ గది కిటికీ మీదుగా చెక్కపందిరి, దాని నిండా కాగితప్పూల తీగ. కాపరానికొచ్చిన ఏడాది వదిన తన చేత్తో నాటిన తీగ అది. పైకి చూస్తే పువ్వులే. లోపల చెయ్యి పెడితే మాత్రం ఏళ్ళనాటి ఎండుకొమ్మలు, పిచ్చుకగూళ్ళు, గరగరలాడే ఆకులు.

"వదినా, దీన్ని తీసెయ్యాలి" అంది ఆమె, వేసవి మొదట్లో.

వదిన పెదాల మధ్య గుండుసూది తీయకుండానే, "దేన్ని?" అంది.

"తీగని. పందిరిని కూడా."

వదిన సూది తీసింది. "ఎదురెండ కిటికీ ఇది. ఆ తీగ లేకపోతే ఈ గదిలో మిషను తొక్కగలనా? గిరాకీవాళ్ళ బట్టల మీద చెమట కారితే నువ్వొచ్చి ఉతుకుతావా?"

"రేకు నీడ వేయిస్తాను. నా మాట విను."

"వేయిస్తావు తల్లీ, వేయిస్తావు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? అసలు మొగుడు లారీ మీద, అర్ధమొగుడు జీపు మీద, మధ్యలో మిషను మీద నేను!"

ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు. రెండోసారి అడిగినప్పుడు వదిన నవ్వలేదు. మూడోసారి మిషను చప్పుడు ఆపనేలేదు. అన్నయ్య ఎక్కడో పెట్రోలు బంకు దగ్గర ఆగి ఫోను చేశాడు.

"దానికి ఇష్టమైంది అదొక్కటేనే. కాస్త చూసీ చూడనట్టు పోరాదూ?"

"చూసీ చూడనట్టు పోతే రేపు చూడ్డానికేమీ మిగలదు, అన్నయ్యా."

"నీకు చిన్నప్పటినుంచీ అన్నిటికీ భయమే."

ఆమె ఫోను పెట్టేసింది. నోటీసు గడువు దాటాక పనివాళ్ళని పంపి తాను తప్పుకోవచ్చు. మొహం చాటేయడం ఇష్టంలేక తానే రంపాలతో వచ్చి నిలబడింది. పందిరి కూలుతుంటే వదిన గుమ్మంలో నిలబడి రెప్పవెయ్యకుండా చూసింది. ముళ్ళకొమ్మల్ని ఈడ్చుకుపోయి, కిటికీ కింద మట్టి చదునుచేసి కంకర పోశారు. గదిలోకి ఒక్కసారిగా ఎండ పడింది. లోపల్నుంచి పెద్దావిడ, "ఏమిటే ఆ వెలుగు? తెల్లారిందా?" అని అరిచింది.

"అయిపోయిందిగా ఆఫీసరుగారూ," అంది వదిన. "ఇక దయచెయ్యండి."

ఆనాటి నుంచి అమ్మాయ్ అనే పిలుపు పోయి ఆఫీసరుగారు మిగిలింది. తరవాత అదీ పోయింది. ఫోను చేస్తే ఎత్తేది కాదు.

వదిన కోపానికి ఇంకో ఆజ్యం పక్కింటి మాస్టారు. బడి పంతులుగా రిటైరైన ఒంటరి మనిషి. ఆయన ఇంటికీ వదిన ఇంటికీ మధ్య కాస్త వెడల్పైన సందు ఒక్కటే అడ్డం. ఆ సందు వెంబడే ఆయన వేసుకున్న సరుగుడు చెట్లు, ఆయన ఇంటి కప్పు మీదికి వాలి, చూరు నిండా సూదుల్లాంటి ఆకులు రాలుస్తూ ఉంటాయి. "చెట్లు ముందొచ్చాయా, మీ రూలు ముందొచ్చిందా అమ్మా?" అని ఆమెను నిలదీశాడు. అంతటితో ఆగక పట్టణ కమిటీ ముందుకెళ్ళి గంటసేపు ఉపన్యాసమిచ్చాడు. కమిటీలో సగంమంది ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళే. ఆమె వద్దు వద్దంటున్నా వానాకాలం దాకా గడువిచ్చేశారు.

వదిన ఈ సంగతి కుట్టించుకోవడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. "చట్టం ఎవరి చుట్టమూ కాదంటారు చూడు, ఎంత అబద్ధమో! అసలు చుట్టాలకే చట్టం."

ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవిన పడింది.

నిప్పు వచ్చిన రోజు పొద్దున్నుంచీ గాలి వేడిగా వీస్తూనే ఉంది. ఆమె కొండ కింద అంగళ్ళ వీధిలో ఓ గోదాము చూస్తోంది. మధ్యాహ్నం దాటాక ఎండ రంగు మారింది. నేల మీద తన నీడ చుట్టూ వెలుగు ఎర్రబారడం చూసి తలెత్తింది. కొండ నెత్తిన గోధుమరంగు పొగ, గోడ కట్టినట్టు, కదులుతూ. సూర్యుడు రాగిబిళ్ళలా అయిపోయాడు.

జీపులో వైర్‌లెస్ మోగింది. కొండవాలు వీధి ఖాళీ చేయించమన్నారు. మైకు బళ్ళు అప్పటికే పైకి వెళ్ళి అరుస్తున్నాయి. కార్లు ఒకదాని తోక ఒకటి ముట్టుకుంటూ దిగుతున్నాయి. ఆమె వదినకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అన్నయ్యకు చేసింది. ఆయన ఎంతో దూరాన, సరుకు దింపుతున్నాడు. "కారు లేదే ఇంట్లో! అత్తయ్య నడవలేదే!" అని మాత్రం అనగలిగాడు.

దిగుతున్న ప్రతి కారునీ ఆపి, "చివరింటివాళ్ళు దిగారా?" అని అడిగింది. ఒకళ్ళు తెలీదన్నారు, ఒకళ్ళు ముందే దిగే ఉంటారన్నారు, ఒకాయన అద్దమే దింపలేదు.

వైర్‌లెస్‌లో పై అధికారి గొంతు వచ్చింది. "మనవాళ్ళెవరూ ఇక పైకి వెళ్ళొద్దు. గాలి తిరిగింది."

ఆమె జీపు పైకి తిప్పింది. ధైర్యం చేసిందని తరవాత అందరూ మెచ్చుకున్నారు. ధైర్యం ఊసే లేదు ఆ సమయంలో. కింద నిలబడి మోగే ఫోను వింటూ ఉండటం కన్నా, పైకి పోవడమే తక్కువ భయమనిపించింది. అంతకుమించి ఆలోచన లేదు.

ఇంటికి చేరేసరికి తలుపు బార్లా తీసి ఉంది. వదిన తల్లిని పరుపుతో సహా గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, ఇక లాగలేక నిలబడి ఆయాసపడుతోంది. జుట్టంతా బూడిద.

"ఫోనెందుకు ఎత్తలేదు?" అని అరిచింది ఆమె.

"ఎత్తేదాన్నే..." వదిన మొహం మీది బూడిద తుడుచుకుంది. "మొదటిసారి నీ పేరు చూసి పక్కన పెట్టేశాను. తరవాత మైకు విని అమ్మని లాగడంలో పడ్డాను."

ఇద్దరూ కలిసి పెద్దావిడను జీపు వెనకసీట్లోకి ఎత్తారు. వీధి మొదటి మలుపు తిరిగారో లేదో ఆమె బ్రేకు తొక్కేసింది. లోయలోంచి మంట రోడ్డుకు అడ్డంగా ఎక్కేసింది. కరెంటు స్తంభం ఒరిగి, తీగలు రోడ్డు మీద మెలికలు తిరుగుతున్నాయి. మంట వాటి అవతల ఉందో ఇవతల ఉందో పొగలో తెలియడం లేదు. అద్దంలోంచి వేడి మొహానికి తగిలింది.

"పోనియ్! పోనియ్!" అంది వదిన.

"పోలేం."

జీపును వెనక్కి నడిపించింది. స్టీరింగు చెమటకి జారిపోతోంది. వెనకనుంచి పెద్దావిడ, "ఎక్కడికే పోతున్నాం?" అంటోంది.

"ఇంటికేనమ్మా," అంది వదిన.

వైర్‌లెస్‌లో అడిగితే, ఎవరూ రాలేరని, దొరికినచోట తలదాచుకోమని చెప్పారు. జీపును ఇంటికి దూరంగా బోడినేల మీద వదిలి, పెద్దావిడను మోసుకుని లోపలికొచ్చి తలుపేశారు.

అప్పుడు ఆమెకు కాళ్ళూ చేతులూ పడిపోయాయి. వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్ళు పడుతుంటే వాటినే చూస్తూ నిలబడిపోయింది. స్నానాలగది తలుపు సగం తెరిచి ఉంది. అటు చూడకూడదనుకుంటూ అటే చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఊరందరికీ వల్లించినవన్నీ బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి.

వదిన వచ్చి భుజాలు పట్టి కుదిపింది. "చెప్పవే! ఊరందరికీ చెప్పావుగా, నాకూ చెప్పు! ఏం చెయ్యమంటావు?"

"కిటికీలు..." నాలుక కదిలింది. "కిటికీలన్నీ మూసెయ్. పరదాలు పీకెయ్, గుడ్డలన్నీ గది మధ్యకి లాగెయ్. బకెట్లు, తొట్లు, గిన్నెలు అన్నీ నింపు. ముందుతలుపుకి గడియ వెయ్యకు, ఊరికే చేరెయ్. కిందిసందుల్లో తడిగుడ్డలు కుక్కు." ఒక్కో మాటా నోటివెంట వస్తుంటే ఒక్కో కాలూ స్వాధీనంలోకొచ్చింది. ఆమె కూడా పరుగందుకుంది.

పట్టపగలు చీకటి పడింది. గూడ్సుబండి ఇంటి గోడ పక్కనుంచే పోతున్నంత చప్పుడు. ఆ చప్పుడు ఆగదు, ఊపిరి తీసుకోదు. రవ్వలు వడగళ్ళలా అద్దాలకి కొట్టుకుంటున్నాయి. ముందుగది కిటికీ కింద, తీగ ఉండే చోట, పిడికెడేసి నిప్పులు కంకర మీద పడి, గెంతి, అటూ ఇటూ దొర్లి నల్లబడ్డాయి. ఇద్దరూ చూశారు.

అంతలో సందువైపు గది నారింజరంగుకి తిరిగింది. మాస్టారి సరుగుడు చెట్లు ఒకదాని తరవాత ఒకటి నిలువునా అంటుకుంటున్నాయి. టపటపమని, చిటపటమని, చివరికి భగ్గుమని. వేడికి ఆ కిటికీ అద్దం టక్కుమని పగిలింది. వదిన అరుస్తూ వెనక్కొచ్చింది. ఇద్దరూ ఆ గది తలుపు మూసి, తడి బొంత తెచ్చి కింద కుక్కారు. తలుపు చెక్క అప్పుడే వెచ్చగా తగులుతోంది.

వెనకతలుపు దబదబ బాదుతున్న చప్పుడు వినిపించింది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "మాస్టారు!" అంది వదిన. "ఆయన దిగలేదా?"

ఆమె తలుపుకి వీపు ఆన్చి నిలబడిపోయింది. "తీస్తే మంట లోపలికొచ్చేస్తుంది వదినా. గాలి లాగేస్తుంది."

"తియ్యకపోతే ఆయన పోతాడే!"

"అత్తయ్య కూడా ఇక్కడే ఉంది! మనందరం..." వద్దు, తియ్యొద్దు, ఆయనే కదా చెట్లు కొట్టనన్నాడు, అని లోపల ఏదో గొణుగుతోంది. ఆ గొణుగుడు విని ఆమెకు తనమీదే భయం వేసింది. పక్కకి జరిగింది. వదిన గడియ తీసి తలుపు లాగింది. పొగతో పాటు మాస్టారు లోపలికి పడ్డాడు. చొక్కా వీపు మీద కాలుతోంది, కనుబొమలు లేవు. ఇద్దరూ కలిసి తలుపు నెట్టి, ఆయన మీద తడి దుప్పటి వేసి దొర్లించారు.

"కప్పు... ఇంటి కప్పు అంటుకుంది" అంటున్నాడు ఆయన.

పెద్దావిడ పరుపు చుట్టూ, నేలకి మొహాలు ఆన్చి, ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని ముగ్గురూ పడుకున్నారు. కింద మాత్రమే కాస్త గాలి ఉంది. ఆమె చెయ్యి పెద్దావిడ చేతికి తగిలింది.

"జ్వరమా అమ్మాయ్?" అంది పెద్దావిడ. "ఇలా వణుకుతున్నావేం?"

"భయమేస్తోంది అత్తయ్యా." ఆ మాట నోరు తెరిచి పైకి అనడం జీవితంలో అదే మొదలు.

"ఆఁ, ఆఁ, పడుకో. తగ్గిపోతుంది" అంది పెద్దావిడ, ఏం విన్నదో ఏమో, చెయ్యి నిమురుతూ.

వదిన తల తిప్పి ఆడపడుచు కళ్ళలోకి చూసింది.

ఎంతసేపలా గడిచిందో. గూడ్సుబండి చప్పుడు మెల్లగా వీధి కిందికి జరిగింది. ఇప్పుడు చెయ్యాల్సింది ఆమెకు తెలుసు. అదే అన్నిటికన్నా కష్టమైన పని.

"లే వదినా. బయటికెళ్ళాలి."

"మతిపోయిందా?"

"పెద్దమంట దాటిపోయింది. ఇళ్ళు పోయేది ఇప్పుడే. చూరులో ఒక్క రవ్వ కూర్చున్నా చాలు, ఇల్లు మన నెత్తినే కూలుతుంది. ఆ పక్క కాలనీలో అలాగే..." ఆగింది. "లే."

తడి దుప్పట్లు కప్పుకుని బకెట్లతో బయటికొచ్చారు. ఆకాశమంతా బూడిద. మాస్టారి ఇంటికి కప్పు లేదు, కిటికీల్లోంచి మంట బయటికి చేతులు చాపుతోంది. సందువైపు వదిన గోడకి రంగంతా బొబ్బలెక్కి రాలుతోంది. పైన చూరు చెక్క ఒకచోట ఎర్రగా, నింపాదిగా కాలుతోంది.

"అదిగో!" అని చూపించింది ఆమె. నిచ్చెన తెచ్చి వేసింది కానీ ఎక్కడానికి కాలు లేవలేదు. అంత దగ్గరగా నిప్పు, మొహం మీద దాని ఊపిరి.

"నువ్వు నీళ్ళందించు" అంటూ వదిన నిచ్చెనెక్కేసింది. ఆమె కింద నుంచి బకెట్ మీద బకెట్ అందించింది. కాసేపటికి మాస్టారు కూడా వచ్చి, తన ఇంటివైపు వీపు పెట్టి, తొట్టినుంచి నీళ్ళు ముంచి ఇవ్వడం మొదలుపెట్టాడు. చెక్క బుస్సుమంటూ నల్లబడింది. ఇంటి చుట్టూ తిరిగి, అద్దం పగిలిన గదిలోకీ వెళ్ళి, కనబడిన ప్రతి నిప్పుకణాన్నీ తొక్కారు, తడిపారు, గోనెపట్టాలతో కొట్టారు. వెనకవైపు పాత కుర్చీ ఒకటి అంటుకుని ఉంటే వదిన దాన్ని కాలితో తన్ని అవతల పడేసింది.

సాయంత్రానికి కరెంటు తీగలు తొలగించుకుని అగ్నిమాపక బండి పైకి రాగలిగింది. దాని వెనకే అన్నయ్య వచ్చాడు. కింద లారీ వదిలేసి కొండంతా నడుచుకుంటూ ఎక్కాడు. ఇల్లు కనబడగానే రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

వీధిలో చాలా ఇళ్ళు పోయాయి. చెప్పినట్టల్లా చేసినవాళ్ళవి కూడా రెండు పోయాయి. పొదల మధ్య ఉన్న ఓ ఇల్లు, గాలి పక్కకి తిరగడం వల్ల, చెక్కుచెదరలేదు. అది చూపించి, అంతా అదృష్టమేనని వాదించినవాళ్ళున్నారు. ఆమె వాళ్ళతో వాదించలేదు. మనుషులెవరూ పోలేదు. ఆ రోజుకి అదొక్కటే ఆమె పట్టుకు వేలాడిన సంగతి.

కింద బడిలో సర్దుబాటు చేసిన గదిలో, పెద్దావిడకు నీళ్ళు తాగించి పడుకోబెట్టాక, వదిన ఆమె పక్కన వచ్చి కూచుంది. ఇద్దరి చేతుల నిండా బొబ్బలు, మందు రాసిన కట్లు.

"తీగ కొట్టేసినందుకు నీ మీద కోపం పోయిందనుకోకు" అంది వదిన.

"అనుకోలేదు."

"అది ఉండుంటే ఏమయ్యేదో నాకు తెలియదా? కళ్ళతో చూశాను. అయినా కోపమే." ఊడిన కట్టు కొస లోపలికి దోపుకుంది. "మూడుసార్లొచ్చావు. మూడుసార్లూ రూలు, రూలు, రూలు. నాకు భయమేస్తోంది వదినా అని ఒక్కసారన్నావా? మా అమ్మకి చెప్పావు, చెవులు వినబడని మనిషికి. నాకు చెప్పుంటే ఆ పందిరి నేనే పీకేదాన్ని కదే!"

ఆమె గోడకి చేరగిలబడి, స్నానాలగదిలో తడి దుప్పటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. వదిన విన్నంతసేపూ తన కట్టు చేతిని ఆమె మోకాలి మీద పెట్టి ఉంచింది. అంతా అయ్యాక, "ఇది మోసుకుంటూ ఏడాది తిరిగావా, పిచ్చిమొహమా" అంది.

వానలు పడి, నల్లటి కొండ మీద పచ్చదనం పలచగా లేచింది. కమిటీ గడువులన్నీ రద్దు చేసింది. ఆమెను చూసి నవ్వేవాళ్ళు తగ్గారు, గాలి లేచినప్పుడల్లా ఫోను చేసి "మేడమ్, మా పెరడు ఓసారి చూసిపోతారా" అనేవాళ్ళు పెరిగారు. దానివల్ల ఆమె నిద్రేమీ మెరుగుపడలేదు. ఆఫీసులో కూచునే పని అడిగింది ఒకసారి. ఇస్తామన్నారు. రెండు రోజులు ఆలోచించి, అక్కర్లేదంది.

మాస్టారు కొన్నాళ్ళు అన్నయ్య ఇంట్లోనే ముందుగదిలో ఉండి, పాత పునాది మీదే మళ్ళీ గోడలు లేపాడు. చెట్లు నాటాలని, కొలత వేసిపొమ్మని కబురు పెట్టాడు. ఆమె వెళ్ళేసరికి చేతికర్రతో తయారుగా నిలబడి ఉన్నాడు. కనుబొమలు సగం మొలిచాయి.

"ఓ సందేహం అమ్మా. రెండు గజాలంటే గోడ నుంచా, చూరు నుంచా?"

"చూరు అంచు నుంచి మాస్టారూ."

"అలా అని ఎక్కడుంది? మాట స్పష్టంగా లేదు. గోడ నుంచి అంటే గోడ నుంచనే అర్థం. వ్యాకరణం ప్రకారం..."

అంతలో కొండ మీదినుంచి గాలి దిగింది. పెద్ద గాలేమీ కాదు. కట్టుబడి పక్కనున్న సిమెంటు సంచులు రెపరెపలాడాయి, ఎక్కడో పాత బూడిద లేచింది. ఆ వాసన తగలగానే ఆమె చేతిలో కొలతటేపు జారిపోయింది. ఇటుకల కుప్ప మీద కూచుండిపోయి, రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. మాస్టారు మాట మధ్యలో ఆపేశాడు. ఆయన మొహం కూడా తెల్లబారి ఉంది. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. తెస్తుంటే సగం ఒలికిపోయాయి.

గాలి ఆగేదాకా ఇద్దరూ కొండవైపే చూస్తూ కూచున్నారు.

"సరే," అన్నాడు మాస్టారు చివరికి, కిందపడ్డ టేపు ఏరి దులుపుతూ. "చూరు నుంచే కొలుద్దాం. కొసరు ఇంకో గజం కూడా వేసుకో అమ్మా."